బెని వరాయిన్ తివాచీ

బెని వరాయిన్ తివాచీ మొరాకో దేశపు ఈశాన్య భాగంలో, మధ్య అట్లాస్ పర్వతాలలో నివసించే బెని వరాయిన్ తెగల స్త్రీలు గొర్రె ఉన్నితో చేతిమగ్గంపై నేసే ఒత్తైన తివాచీ. మీగడ రంగు నేల, దానిపై నలుపు లేక ముదురు గోధుమ రంగు గీతలతో ఏర్పడే వజ్రాకారపు గళ్ళు దీని ప్రధాన లక్షణాలు. సంప్రదాయ తివాచీలో ఈ రెండు రంగులూ అద్దకంతో వచ్చినవి కావు. తెల్లగొర్రె, నల్లగొర్రె ఉన్నికి పుట్టుకతో ఉండే రంగులే అవి.

నేడు ఐరోపా, అమెరికా నగరాలలోని ఇళ్ళలో నేలపై పరచే అలంకరణ వస్తువుగా దీనికి పేరు వచ్చింది. కానీ మొదట ఇది అలంకరణ కోసం పుట్టినది కాదు. చలికాలంలో మంచు కురిసే కొండలపై పశువులను మేపుకొనే కుటుంబాలు పరుపుగాను, దుప్పటిగాను వాడుకొనడానికి నేసుకొన్న గృహోపకరణం. ఇంటి అవసరానికి పుట్టిన ఈ వస్తువు సంతకు, అక్కడి నుండి విదేశీ విపణికి చేరిన క్రమంలో దాని కొలతలు, రంగు, ధర మారాయి. దాని గురించి చెప్పే కథలు కూడా మారాయి. నేసిన స్త్రీ పేరు మాత్రం చాలాకాలం ఎక్కడా నమోదు కాలేదు.

పేరు

'బెని' అనే అరబ్బీ పదానికి 'కుమారులు, సంతతి' అని అర్థం. అదే అర్థాన్నిచ్చే స్థానిక పదం 'అయిత్'. అందువల్ల ఈ తెగలవారు తమను 'అయిత్ వరాయిన్' అని చెప్పుకొంటారు. ఫ్రెంచి వర్ణక్రమాన్ని ఇతర భాషలవారు తమకు తోచినట్లు చదవడం వలన 'బెని ఉరైన్' అనే ఉచ్చారణ వ్యాపారంలో స్థిరపడింది.

వీరు అమజిగ్ జాతికి చెందినవారు. బయటివారు ఈ జాతిని బెర్బర్లు అని పిలుస్తూ వచ్చారు. ఆ మాట గ్రీకులు, రోమన్లు పరాయి భాషలవారిని చులకనగా పిలిచిన పదం నుండి వచ్చినది కనుక అమజిగ్ అనే పేరునే నేటి రచయితలు ఎక్కువగా వాడుతున్నారు. వారి భాషకు 2011 నాటి మొరాకో రాజ్యాంగంలో అరబ్బీతో పాటు అధికార భాష హోదా లభించింది.

కుచ్చుపోగులు గల తివాచీని మొరాకో అరబ్బీలో 'జర్బియా' అంటారు. కుచ్చు లేకుండా జంపఖానా వలె చదునుగా నేసిన దానిని 'హన్బెల్' అంటారు. బెని వరాయిన్ తివాచీ మొదటి రకానికి చెందినది. అయితే వ్యాపారులు మొరాకోలో ఎక్కడ నేసిన తెల్ల తివాచీకైనా ఈ పేరే పెట్టి అమ్మడం సర్వసాధారణమైంది. కాబట్టి ఇప్పుడు ఈ పేరు ఒక ప్రాంతాన్ని కాక ఒక తరహాను సూచిస్తున్నదని చెప్పవచ్చును.

ప్రాంతం, ప్రజలు

తాజా పట్టణానికి దక్షిణాన, బు ఇబ్లాన్ పర్వతం చుట్టూ ఉన్న ఎత్తైన నేల ఈ తెగల నివాస ప్రాంతం. బెని వరాయిన్ అనేది ఒకే తెగ కాదు, సుమారు 17 తెగల సమాఖ్య అని సాధారణంగా చెబుతారు. ఇక్కడి శిఖరాలు కొన్ని 3,000 మీటర్లకు మించిన ఎత్తు గలవి. ఆఫ్రికా అనగానే ఎండ, ఇసుక గుర్తుకు వచ్చే పాఠకులకు ఆశ్చర్యం కలిగించవచ్చు గానీ, ఈ కొండలపై శీతాకాలమంతా మంచు పేరుకొని ఉంటుంది. వేసవిలో మందలను ఎత్తైన పచ్చికబయళ్ళకు తోలుకొని పోయి, చలి మొదలు కాగానే లోయలకు దింపుకొని రావడం ఇక్కడి పూర్వపు జీవన విధానం. గుడారంలోనైనా, రాతి ఇంటిలోనైనా నేలచలిని ఆపడానికి ఉన్న సాధనం ఉన్ని ఒక్కటే.

1912లో మొరాకోపై ఫ్రెంచి రక్షణాధికారం ఏర్పడిన తరువాత కూడా ఈ తెగలు చాలాకాలం లొంగలేదు. 1920లలో జరిగిన సైనిక చర్యల తరువాతనే ఈ ప్రాంతం పూర్తిగా ఫ్రెంచివారి వశమైంది. రబాత్, ఫెజ్ వంటి నగరాల వస్తువుల కంటే ఈ కొండల తివాచీలు ఆలస్యంగా బయటి ప్రపంచానికి తెలియడానికి ఇది ఒక కారణం.

ఉన్ని

వసంతకాలంలో గొర్రెల ఉన్ని కత్తిరిస్తారు. దానిని వాగు నీటిలో కడిగి, ఎండబెట్టి, కర్రలతో కొట్టి ముళ్ళు, మట్టి రాలగొడతారు. తరువాత దానిని రెండు భాగాలుగా వేరు చేస్తారు. పొడవైన పోగులను ఇనుప పళ్ళ దువ్వెనలతో దువ్వి గట్టిగా వడికితే అది పడుగుకు పనికివస్తుంది. పొట్టి పోగులను చేతి పలకల మధ్య ఏకి, వదులుగా వడికి, పేకకు, కుచ్చుకు వాడతారు. కదురుతో చేసే ఈ వడకడం నేత కంటే తక్కువ శ్రమేమీ కాదు. ఇంటిలోని ముసలివారు, పడుచులు తీరిక దొరికినప్పుడల్లా వడికితే గాని ఒక తివాచీకి చాలినంత నూలు సమకూడదు.

బతికి ఉన్న గొర్రె నుండి తీసిన ఉన్నిలో సహజమైన జిడ్డు ఉంటుంది. ఆ జిడ్డు వలన తివాచీకి మెరుపు, మన్నిక వస్తాయి, నీటి చుక్క పడితే వెంటనే ఇంకిపోదు. కబేళాలలో తోలుకు సున్నం పట్టించి ఊడదీసిన ఉన్నిని 'చచ్చిన ఉన్ని' అంటారు. ఇది పెళుసుగా ఉండి, దుమ్ములా రాలిపోతుంది. చవక తివాచీలలో దీనిని కలపడం కద్దు.

రంగు అద్దని ఉన్నిని అలాగే నేయడం తెలుగువారికి కొత్త విషయమేమీ కాదు. దక్కను నల్లగొర్రె ఉన్నితో తెలంగాణలో నేసే గొంగడి కూడా గొర్రె రంగునే తన రంగుగా ఉంచుకొన్న నేత. గొంగడిలో కుచ్చు ఉండదు, బెని వరాయిన్ తివాచీకి కుచ్చే ప్రాణం.

మగ్గం, నేత

అమజిగ్ భాషలో మగ్గాన్ని 'అజెట్టా' అంటారు. ఇది నిలువు మగ్గం. రెండు నిలువు స్తంభాలు, వాటి మధ్య పైనొకటి, క్రిందొకటి అడ్డదూలాలు. పడుగు పోగులు పైదూలానికి చుట్టి ఉంటాయి. నేసిన భాగం క్రిందిదూలానికి చుట్టుకొంటూ పోతుంది. దీనిని విప్పి కట్టగా కట్టుకొని వలసలో వెంట తీసుకొని పోవచ్చు. పడుగు తోడడం మాత్రం మగ్గంపై కాదు, ఆరుబయట చేస్తారు. నేలలో మేకులు పాతి, ఉండ చేతబట్టుకొని ఒక స్త్రీ వాటి మధ్య అటూ ఇటూ నడుస్తూ పోగులు పరుస్తుంది. మేకుల దగ్గర కూర్చున్నవారు వాటిని సరిచేస్తారు. ఇరుగుపొరుగు స్త్రీలు సాయం వచ్చే పని ఇది.

నేతలో రెండు పనులు వంతులవారీగా సాగుతాయి. మొదట ఒక వరుస ముడులు వేస్తారు. ఉన్నిపోగును రెండు పడుగు పోగుల చుట్టూ తిప్పి, రెండు కొసలనూ వాటి నడుమ నుండి ముందుకు లాగి కత్తిరిస్తారు. ఈ కొసలే కుచ్చు అవుతాయి. తరువాత కొన్ని వరుసల పేక నేసి, బరువైన ఇనుప దువ్వెనతో క్రిందికి కొట్టి బిగిస్తారు. ఆపై మళ్ళీ ముడుల వరుస. పారశీక తివాచీలలో ముడులు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఇక్కడ ముడుల వరుసల మధ్య ఎడం ఎక్కువ, కుచ్చు పొడవు కూడా ఎక్కువ. అందువలన తివాచీ బిరుసెక్కకుండా దుప్పటి వలె మెత్తగా వంగుతుంది, మనిషి కప్పుకొనడానికి వీలవుతుంది. చదరపు అంగుళానికి ఎన్ని ముడులు అనే లెక్కతో దీని విలువ కట్టబోయేవారు ఈ సంగతి మరచిపోతుంటారు. ముడులు తక్కువగా ఉండడం లోపం కాదు, అది దాని పనికి తగిన నిర్మాణం.

పాత తివాచీలు సన్నగా, పొడవుగా ఉంటాయి. మగ్గం ఎంత వెడల్పో తివాచీ కూడా అంతే కదా. నేటి నగరపు గదులకు సరిపడే వెడల్పాటి కొలతలు కొనుగోలుదారుల కోరికపై వచ్చినవి.

నమూనాను కాగితంపై గీసుకొని నేయడం ఈ నేతలో లేదు. తల్లి ప్రక్కన కూర్చొని నేర్చుకొన్న గీతలను జ్ఞాపకం నుండి నేస్తారు. పోగులు లెక్కించే పద్ధతి ఉన్నా, మధ్యలో మనసు మారితే గీత మారుతుంది. నల్లనూలు అయిపోతే గోధుమరంగు నూలు అందుకొంటారు. ఒక చివర పెద్దవిగా మొదలైన గళ్ళు మరో చివరకు చిన్నవి కావడం పాత తివాచీలలో తరచు కనిపిస్తుంది.

ఉత్తర ఆఫ్రికాలో పలుచోట్ల మగ్గాన్ని ప్రాణమున్న దానిగా భావించే ఆచారం ఉంది. పడుగు మగ్గానికి ఎక్కడంతో వస్త్రానికి జీవం వస్తుందని, మగ్గం నుండి కోసినప్పుడు అది మరణిస్తుందని నమ్మకం. కోసే ముందు దానిపై నీళ్ళు చిలకరిస్తారు. పోయే ప్రాణానికి తులసి తీర్థం పోసే మన అలవాటుకు దగ్గరగా ఉన్న భావన ఇది. రబాత్ నగరంలో ఉన్ని పనికి సంబంధించిన ఇటువంటి ఆచారాలను ఫ్రెంచి పండితుడు హెన్రీ బాసే 1922లో ఒక వ్యాసంగా ప్రచురించాడు. అమెరికా మానవశాస్త్రజ్ఞుడు బ్రింక్లీ మెసిక్ 1987లో ప్రచురించిన వ్యాసంలో, ఈ ఆచారాలను, మాటలను స్త్రీలకు మాత్రమే చెందిన ఒక జ్ఞానంగా వివరించాడు.

గుర్తులు, వాటి అర్థాలు

వజ్రాకారం, జిగ్‌జాగ్ గీతలు, అడ్డగీతలు, ఇంటూ గుర్తులు ఈ తివాచీలపై కనిపించే ప్రధాన ఆకృతులు. ఇంత మాత్రమైతే చెప్పవలసినది తక్కువే. కానీ వీటి అర్థాల గురించి పుస్తకాలలోను, దుకాణాలలోను జరిగే ప్రచారం చాలా ఎక్కువ. వజ్రం స్త్రీకి చిహ్నమని, సంతానానికి గుర్తని, దృష్టిదోషాన్ని త్రిప్పికొట్టే కన్ను అని చెబుతారు. నేసిన స్త్రీ తన జీవిత కథనంతా తివాచీలో వ్రాసుకొన్నదని అనడం కూడా ఉంది. బ్రూనో బార్బాటి అనే రచయిత ఈ గుర్తుల మూలాలు చరిత్రపూర్వ యుగంలో ఉన్నాయని వాదించాడు.

ఈ మాటలను కొంత జాగ్రత్తతో స్వీకరించాలి. ఉన్ని పురుగుకు, తేమకు త్వరగా పాడవుతుంది. పరుపుగా వాడిన వస్తువు అరిగిపోతుంది. ఇప్పుడు లభించే పాత పల్లె తివాచీలలో అత్యధికం 19వ శతాబ్దం చివరి భాగానికి ముందువి కావు. వేల సంవత్సరాల అవిచ్ఛిన్న పరంపరను నిరూపించడానికి ఆ మధ్యకాలపు తివాచీలు లేవు. అంతేకాక, నేసేవారు ఒకే ఆకృతిని ఒక ఊరిలో ఒక పేరుతో, మరో ఊరిలో మరో పేరుతో పిలుస్తారు. దువ్వెన, కత్తెర, రంపం, కొడవలి వంటి ఇంటి వస్తువుల పేర్లే వాటిలో ఎక్కువ. కొందరు అర్థమేమీ చెప్పరు, 'మా అమ్మ ఇలాగే నేసేది' అంటారు. దృష్టిదోషం గురించిన నమ్మకం ఆ సమాజంలో నిజంగానే ఉన్నది కనుక కంటి గుర్తు గురించిన వివరణను త్రోసిపుచ్చలేము. కానీ ప్రతి గీతకూ ఒక గూఢార్థం కట్టడం నేతగత్తె పని కంటే అమ్మకందారు పనే అనిపిస్తుంది.

ఇతర మొరాకో తివాచీలు

పట్టణ తివాచీలలో ప్రసిద్ధమైనది రబాత్ తివాచీ. ఇది 18వ శతాబ్దం నుండి టర్కీ తివాచీల ప్రభావంతో అభివృద్ధి చెందింది. తూర్పు నుండి ఎగిరివచ్చిన కొంగ ఒకటి ఒక ఇంటి ముంగిట తివాచీ ముక్కను జారవిడిచిందని, దానిని చూసి రబాత్ స్త్రీలు నేత నేర్చారని ఒక కథ ఉంది. పల్లె నేతలలో మధ్య అట్లాస్ లోని మర్మూషా, జెమ్మూర్ తెగల తివాచీలు, ఉన్నత అట్లాస్ లోని అజిలాల్ ప్రాంతపు రంగుల తివాచీలు, దక్షిణాన తజ్‌నాఖ్త్ పరిసరాలలో సిరువా జాతి గొర్రెల ఉన్నితో నేసేవి ముఖ్యమైనవి. మంజిష్ఠ జాతి వేరు, దానిమ్మ తొక్క, నీలిమందు, గోరింట వంటి సహజ రంగులు పూర్వం వాడుకలో ఉండేవి. 19వ శతాబ్దం చివరి నుండి రసాయనిక రంగులు వచ్చాయి. ఉన్ని కొనలేని ఇళ్ళలో పాత బట్టల పీలికలతో నేసిన 'బూషెరువిత్' తివాచీలు కూడా ఇప్పుడు సేకరణకర్తలకు ప్రీతిపాత్రమయ్యాయి.

ఫ్రెంచి పాలన, ఆధునిక వాస్తుశిల్పులు

ఫ్రెంచి పాలకులు మొరాకో చేతిపనుల కోసం ప్రత్యేక శాఖను నెలకొల్పారు. దానికి ఆయువుపట్టు వంటివాడు ప్రోస్పెర్ రికార్. నాణ్యత గల అసలైన తివాచీలకు ప్రభుత్వ ముద్ర వేసే పద్ధతి 1919లో ప్రవేశపెట్టబడింది. రికార్ దేశమంతటి తివాచీల నమూనాలను సేకరించి 1923 నుండి 1934 వరకు నాలుగు సంపుటాల గ్రంథంగా వెలువరించాడు. పాత నమూనాలు నేటికి దక్కడానికి ఈ కృషి తోడ్పడింది. అయితే ఏది 'అసలైన' తివాచీ అన్నది నేసేవారు కాక అధికారులు నిర్ణయించే అలవాటు కూడా అప్పుడే మొదలైంది.

అదే కాలంలో ఐరోపాలో ఆధునిక వాస్తుశిల్పం రూపుదిద్దుకొన్నది. తెల్లగోడలు, గాజు, ఉక్కు గల గదులలో వెచ్చదనం కొరవడిన చోట ఈ తెల్లని ఉన్ని తివాచీలు సరిగ్గా ఇమిడాయి. లె కార్బూజియే వీటిని మెచ్చుకొన్నవారిలో ఒకడు. ఫ్రాంక్ లాయిడ్ రైట్ నిర్మించిన 'ఫాలింగ్ వాటర్' గృహంలోనూ మొరాకో తివాచీలు పరచబడ్డాయి. చలికి కప్పుకొన్న దుప్పటి ఇలా ఆధునిక కళాభిరుచికి చిహ్నమైంది. ఆ తరువాత గృహాలంకరణ పత్రికలు, 21వ శతాబ్దంలో అంతర్జాలం దీనిని మధ్యతరగతి ఇళ్ళ వరకు తెచ్చాయి.

అసలు, నకిలీ

గిరాకీ పెరగడంతో అనుకరణలూ పెరిగాయి. యంత్రంపై పాలిప్రొపిలీన్ పోగుతో నేసినవి మొదటి రకం. వెనుకవైపు తిప్పి చూస్తే ముడులన్నీ అచ్చు గుద్దినట్లు ఒకే కొలతలో ఉంటాయి, అంచు కుచ్చులు వేరుగా కుట్టి ఉంటాయి. చేతినేతలో వెనుకవైపు వరుసలు కొద్దిగా ఎగుడుదిగుడుగా ఉంటాయి, అంచు కుచ్చులు పడుగు పోగుల కొసలే. రాలిన పోగును కాల్చి చూడడం తేలికైన పరీక్ష. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి పొడి బూడిద అవుతుంది. కృత్రిమపు పోగు కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది.

రెండవ రకం భారతదేశంలో, ముఖ్యంగా ఉత్తర ప్రదేశ్ లోని భదోహీ ప్రాంతంలో మొరాకో నమూనాతో తయారయ్యే తివాచీలు. వీటిలో చేతితో ముడివేసినవి ఉన్నాయి, అవి శ్రమతో కూడిన మంచి నేతే. భదోహీ నేతగా అమ్మితే తప్పు లేదు, మొరాకో పేరుతో అమ్మితేనే మోసం.

మూడవది మొరాకోలోనే జరిగేది. మరింత తెల్లగా కనిపించాలని తివాచీని బ్లీచింగ్ ద్రవంలో నానబెడతారు. అప్పుడు ఉన్నిలోని జిడ్డు పోయి పోగు పెళుసవుతుంది. మరికొన్నిటిని పాతవిగా చూపడానికి ఎండలో మాగబెడతారు. సున్నం వలె తెల్లగా మెరిసే తివాచీ కంటే మీగడ రంగులో కొద్దిగా తేడాలున్న తివాచీని నమ్మడం మేలు.

కొత్త తివాచీ నుండి కొన్ని నెలల పాటు పోగులు రాలడం సహజం. వేడినీటితో ఉతకరాదు. ఏదైనా ఒలికితే రుద్దకుండా పొడిగుడ్డతో అద్దాలి. తేమ, చీకటి కలిసిన చోట చుట్టి ఉంచితే ఉన్నిపురుగు పడుతుంది కనుక అప్పుడప్పుడు రెండువైపులా దులిపి ఎండ తగలనివ్వాలి.

సంత, దళారి, నేతగత్తె

నేత స్త్రీలది, అమ్మకం పురుషులది అన్నది చాలాకాలం సాగిన ఏర్పాటు. భర్తో, కొడుకో, సోదరుడో తివాచీని వారపు సంతకు మోసుకొని పోయేవాడు. అక్కడ దానిని చేతబట్టుకొని తిరుగుతూ వేలం పాడేవాడు 'దల్లాల్'. తెలుగులోని 'దళారి' ఈ అరబ్బీ పదం నుండి వచ్చినదే. మర్రాకేష్ నగరంలో తివాచీల వేలానికి పేరుపొందిన అంగడి ఒకప్పుడు బానిసలను వేలం వేసిన స్థలం. సంత వ్యాపారి నుండి నగర వ్యాపారికి, అతని నుండి ఎగుమతిదారుకు, చివరకు విదేశపు దుకాణానికి చేరేసరికి ధర అనేక రెట్లు పెరుగుతుంది. అందులో నేతగత్తెకు అందేది కొద్ది భాగమే. ఉన్ని ఖర్చు తీసివేస్తే నెలల కూలి ఎంత అన్న లెక్క వేసేవారు లేరు. ఇంటిపనిలో భాగంగా నేసినది కనుక దానిని కూలిగా లెక్కించే అలవాటే లేదు.

పట్టణ కార్ఖానాల పరిస్థితి మరింత కఠినమైనది. వాటిలో చిన్న బాలికలను పనిలో పెట్టుకొనే పద్ధతిపై లండన్ లోని బానిసత్వ వ్యతిరేక సంఘం 1978లో ఒక నివేదిక ప్రచురించింది. బాలికల వేళ్ళు సన్నగా ఉండడం వలన ముడులు బాగా వస్తాయనే సమర్థన అన్ని దేశాల తివాచీ పరిశ్రమలలోనూ వినిపించినదే.

ఈ ఏర్పాటును మార్చడానికి జరిగిన ప్రయత్నాలలో మహిళా సహకార సంఘాలు ముఖ్యమైనవి. 2010ల దశకంలో మొదలైన 'అనూ' అనే సంస్థ చేతివృత్తులవారే యజమానులుగా ఉన్న సంఘం. అమజిగ్ భాషలో ఈ మాటకు బావి అని అర్థం. చదువు రాని వారికి కూడా వీలుగా బొమ్మల గుర్తులతో అంతర్జాల అంగడిని రూపొందించి, ధరను నేసినవారే నిర్ణయించే పద్ధతిని, వస్తువు ప్రక్కన చేసినవారి పేరు, ఛాయాచిత్రం ఉంచే పద్ధతిని ఇది అనుసరించింది. అయితే అన్ని సంఘాలూ ఒకటి కావు. పేరుకు సహకార సంఘమై, వాస్తవానికి ఒక వ్యాపారి దుకాణంగా నడిచేవి కూడా ఉన్నాయి. నేసిన స్త్రీ పేరు, ఊరు, ఆమెకు ముట్టిన సొమ్ము అడిగి తెలుసుకొనడమే కొనేవారి చేతిలో ఉన్న మార్గం.

మర్రాకేష్ లోని దార్ సీ సయీద్ భవనం 2018 నుండి జాతీయ నేత, తివాచీల ప్రదర్శనశాలగా ఉన్నది. దేశంలోని వివిధ ప్రాంతాల నేతలను ఒకేచోట పోల్చి చూడడానికి అది అనువైన స్థలం.

2023 సెప్టెంబరు 8 రాత్రి ఉన్నత అట్లాస్ లో 6.8 తీవ్రతతో సంభవించిన భూకంపంలో దాదాపు 3,000 మంది మరణించారు. బెని వరాయిన్ ప్రాంతం దానికి దూరంగా ఉన్నందున పెద్ద నష్టం లేకుండా బయటపడింది. ఉన్నత అట్లాస్ పల్లెలలో మాత్రం మట్టి ఇళ్ళు వేల సంఖ్యలో కూలిపోయాయి. అక్కడ మగ్గానికి వేరే షెడ్డు ఉండదు, అది ఇంటి గదిలోనే ఉంటుంది. ఇల్లు కూలినచోట మగ్గం, వడికి ఉంచిన నూలు, సగం నేసిన తివాచీ కూడా దాని క్రిందనే పోయాయి. ఆ స్త్రీలు మళ్ళీ నేత మొదలుపెట్టాలంటే ముందు మగ్గం నిలబెట్టడానికి ఒక కప్పు కావలసి వచ్చింది.